ఐదు నెలలైనా స్పృహ రాని పేషెంటుకి రాత్రంతా ఈఈజీ తీయిస్తే ఉపయోగం ఉంటుందా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 24 ఏళ్లు. కూర్మన్నపాలెం దగ్గర హైవే మీద బైక్ ప్రమాదం, తలకి ఆపరేషన్, ఆరు వారాలు ఐసీయూ. ఇప్పుడు పెందుర్తిలో మీ ఇంట్లోనే, గొంతులో ఊపిరికి ట్రకియాస్టమీ గొట్టం, పొట్టకి ఫీడింగ్ ట్యూబ్, ఐదో నెల నడుస్తోంది. పగలు కళ్లు తెరుస్తాడు, రాత్రి మూస్తాడు, పిలిస్తే పలకడు, చెయ్యి ఎత్తమంటే ఎత్తడు. ఒక డాక్టరుగారు వెజిటేటివ్ స్టేట్ అని రాశారు. ఇంకొకరు రాత్రంతా ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ అలల్ని గీతలుగా రాసే పరీక్ష, పెట్టి నిద్ర ఎలా ఉందో చూద్దామన్నారు. "కళ్లు మూసుకుని పడుకుంటూనే ఉన్నాడు కదండీ, మళ్లీ డబ్బు పోసి ఆ పరీక్ష ఎందుకు?" అన్నది మీ ప్రశ్న.

తీయించండి. ఇరవై ఏళ్లకు పైగా విశాఖలో న్యూరాలజిస్టుగా ఉన్నాను, ఈఈజీలు చదవడంలోనే నా రోజులో సగం గడుస్తుంది. మంచం పక్కన చేసే పరీక్షకి అందని సంగతి ఒకటి ఆ రాత్రి రికార్డుకి అందుతుంది. అయితే ఆ రికార్డు మాటని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో తెలియకుండా తీయిస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మన ఉత్తరాంధ్రలో పొద్దున్న నిద్ర లేచినా "తెలివొచ్చింది" అంటాం, స్పృహ తప్పినవాడు కోలుకున్నా "తెలివొచ్చింది" అనే అంటాం. ఐసీయూ గుమ్మం దగ్గర "తెలివొచ్చిందండీ, కళ్లు తెరిచాడు" అని ఏడుస్తూ నవ్వుతూ చెప్పే తల్లికి, అమ్మా, వచ్చింది ఈ తెలివి, రావలసింది ఆ తెలివి అని చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మెలకువ వేరు, ఎరుక వేరు. మెలకువని నడిపేది మెదడు అడుగున, వెన్నుపాముకి పైన ఉండే మెదడుకాండం. ఎరుక కలగాలంటే మెదడు పైపొర అయిన కార్టెక్స్, మెదడు లోతున కబుర్లు అందించే కూడలిలాంటి థలామస్, వాటి మధ్య నరాల దారులు అన్నీ కలిసి పనిచేయాలి. పైభాగం బాగా దెబ్బతిని కాండం మిగిలితే కొన్ని వారాలకి కోమా పోయి కళ్లు తెరుచుకుంటాయి. పొద్దున్న తెరవడం, రాత్రి మూయడం కూడా మొదలవుతుంది. 1972లో బ్రయాన్ జెనెట్, ఫ్రెడ్ ప్లమ్ అనే ఇద్దరు వైద్యులు ఈ స్థితికి పర్సిస్టెంట్ వెజిటేటివ్ స్టేట్ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంట్లోవాళ్లకి ఎంత గుచ్చుకుంటుందో రోజూ చూస్తున్నాను. 2010లో యూరప్ నిపుణులు దాన్ని మార్చి అన్‌రెస్పాన్సివ్ వేక్‌ఫుల్‌నెస్ సిండ్రోమ్ అనమన్నారు. అంటే మెలకువ ఉంది, స్పందన కనబడలేదు, అంతవరకే. నాకు ఆ మాటే న్యాయంగా అనిపిస్తుంది. కనబడినదే చెబుతుంది, కనబడని దాని మీద తీర్పు ఇవ్వదు.

ఈ స్థితికీ పూర్తి ఎరుకకీ మధ్య ఇంకో స్థితి ఉంది. 2002లో దానికి మినిమల్లీ కాన్షియస్ స్టేట్ అని నిర్వచనం ఇచ్చారు. ఎరుక ఉంటుంది, కానీ మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఒక పూట మనిషిని కళ్లతో వెంబడిస్తాడు, రెండో పూట రాయిలా ఉంటాడు. డాక్టరు వచ్చేది ఆ రెండో పూటే అయితే కాగితం మీద వెజిటేటివ్ అని పడుతుంది. ఇది ఊహ కాదు. 2009లో బెల్జియం బృందం ఒకటి, వైద్యులంతా కలిసి వెజిటేటివ్ అని నిర్ధారించిన 44 మందిని పద్ధతి ప్రకారం మళ్లీ పరీక్షిస్తే 18 మందిలో ఎరుక గుర్తులు దొరికాయి. వందకి 41 మంది! ఆ పద్ధతి పేరు కోమా రికవరీ స్కేల్, 2004లో సవరించిన రూపం. వినడం, చూడడం, కదలిక, నోరు, సంభాషణ, మెలకువ అని ఆరు భాగాలు, మొత్తం 23 మార్కులు. ఒక్కసారి చేస్తే చాలదు, రెండు వారాల్లోపు కనీసం ఐదుసార్లు చేయాలని 2017లో ఇంకో అధ్యయనం చూపించింది. మీ తమ్ముడికి ఇది ఎన్నిసార్లు చేశారో ముందు కనుక్కోండి. ఒక్కసారి కూడా చేయకపోతే ఈఈజీ కన్నా ముందు అది చేయించండి. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

ఈ స్కేల్లో మీరే చేసి చూడగలిగింది ఒకటుంది. గడ్డం గీసుకునేటప్పుడు వాడేలాంటి చేతి అద్దం తీసుకుని మీ తమ్ముడి ముఖానికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో పట్టుకుని, తన ముఖం తనకి కనబడేలా చూసి, మెల్లగా కుడికీ ఎడమకీ, పైకీ కిందకీ జరపండి. చూపు అద్దంతో పాటు నడుస్తోందా? వేలు చూపిస్తే కదలని కళ్లు సొంత ముఖం చూపిస్తే కదలడం చాలామందిలో చూశాం. తిరిగొచ్చే ఎరుక తరచుగా మొదట అక్కడే దొరుకుతుంది.

ఇప్పుడు నిద్ర సంగతి. మంచం పక్కన మేం చేసే పరీక్షలన్నీ పేషెంటుని ఏదో ఒకటి అడుగుతాయి. చెవి వినాలి, భాష అర్థం కావాలి, చెయ్యాలనిపించాలి, చెయ్యి లేవాలి. ఇందులో ఏ మెట్టు విరిగినా జవాబు సున్నా. ఎడమవైపు దెబ్బ తగిలి భాష పోయినవాడికి లోపల ఎరుక ఉన్నా "చెయ్యి ఎత్తు" అన్న మాట ఒట్టి చప్పుడే. 2024లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఏ ఆదేశానికీ కదలని 241 మందిని ఎఫ్ఎంఆర్ఐతోనో (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో చూపే స్కాన్), ఈఈజీతోనో, రెండిటితోనో పరీక్షిస్తే 60 మంది మెదళ్లు ఆ ఆదేశాన్ని లోపల పాటిస్తున్నట్టు తేలింది. నలుగురిలో ఒకరు. అయితే ఆ పరీక్షకి కూడా పేషెంటు సహకరించాలి. నిద్ర మాత్రం అతన్ని ఏమీ అడగదు. తనంతట తానే వస్తుంది. వచ్చేటప్పుడు మెదడులో ఏ ఏ దారులు మిగిలాయో వాటిమీదుగానే వస్తుంది.

ఆ దారుల గుర్తుల్లో నేను ముందు వెతికేది స్లీప్ స్పిండిల్స్. స్పిండిల్ అంటే కదురు. పొందూరులో ఖాదీ వడికేవాళ్లని చూసి ఉంటే కదురు మీద చుట్టిన నూలు మధ్యలో లావుగా, రెండు కొసలా సన్నగా ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. ఈఈజీ కాగితం మీద అచ్చం ఆ ఆకారమే. సెకనుకి సుమారు 11 నుంచి 16 సార్లు కొట్టుకునే అల, చిన్నగా మొదలై పెద్దదై మళ్లీ సన్నగిల్లుతుంది, అర సెకను నుంచి రెండు సెకన్ల వరకు. దాన్ని పుట్టించేది థలామస్, అందుకుని ప్రతిధ్వనించేది కార్టెక్స్. అందుకే చక్కగా రూపుకట్టిన కదుర్లు కనబడ్డాయంటే థలామస్‌కీ కార్టెక్స్‌కీ మధ్య రాకపోకలు తెగిపోలేదని అర్థం. ఎరుకకి కావలసిన దారి కూడా చాలావరకు అదే.

రెండోది గాఢనిద్రలో వచ్చే పెద్ద పెద్ద నెమ్మది అలలు. ఆరోగ్యవంతుల్లో అవి తొలి జాముల్లో ఎక్కువగా వచ్చి తెల్లవారేసరికి తగ్గుతాయి. రోజంతా పోగైన నిద్ర బాకీని మెదడు ముందే తీర్చేసుకుంటుంది. ఆ తగ్గుదల కనబడిందంటే మెదడు పగటికీ రాత్రికీ లెక్క ఉంచుకుంటోందన్న మాట. మూడోది రెమ్ నిద్ర, కనుగుడ్లు రెప్పల కింద చకచకా తిరుగుతూ ఒళ్లు సడలిపోయే దశ. దీన్ని నడిపేది ఎక్కువగా మెదడుకాండం కాబట్టి, పైభాగం గురించి చెప్పడానికి దాని సాక్ష్యాన్ని కదుర్ల సాక్ష్యమంత బలంగా నేను తీసుకోను.

2011లో పదకొండు మంది మీద చేసిన ఒక అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపించింది. ఐదుగురు వెజిటేటివ్, ఆరుగురు మినిమల్లీ కాన్షియస్. ఐదుగురూ మీ తమ్ముడిలాగే కళ్లు మూసేవారు, తెరిచేవారు. కానీ మూసినా తెరిచినా వాళ్ల ఈఈజీలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెప్ప మూతపడింది, మెదడు నిద్రపోలేదు. రెండో గుంపులో మామూలు నిద్రలాంటి దశలు, రాత్రి గడిచేకొద్దీ తగ్గే నెమ్మది అలలు కనబడ్డాయి. మీ ప్రశ్నకి సూటి జవాబు ఇక్కడుంది. కళ్లు మూసుకోవడం చూసి నిద్ర అనుకోలేం. తర్వాత వేరే బృందాలు చేసినవాటిలో ఈ గీత ఇంత స్పష్టంగా రాలేదు, వెజిటేటివ్ అని రాసిన కొందరిలోనూ నిద్ర దశలు దొరికాయి. దానికి ఒక కారణం నిద్ర అంత కచ్చితమైన గుర్తు కాకపోవడం కావచ్చు, ఆ కొందరి మీద పడిన ముద్రే తప్పు కావడమూ కావచ్చు. 2020లో యూరోపియన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ మార్గదర్శకాలు, ఇలాంటి పేషెంట్లను అంచనా వేసేటప్పుడు మిగతా పరీక్షలతో పాటు నిద్ర ఈఈజీని కూడా చూడమన్నాయి. 2025లో న్యూయార్క్ బృందం, అప్పుడే మెదడుకి దెబ్బ తగిలిన 226 మంది రికార్డులు చూసి, చక్కటి కదుర్లు ఉన్నవాళ్లలో స్పృహ తిరిగొచ్చే అవకాశం ఎక్కువని రాసింది. వాళ్లవి తొలి రోజుల రికార్డులు, మీ తమ్ముడిది ఐదో నెల, కాబట్టి ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ అతికించకూడదు. దిశ మాత్రం అదే.

ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. కదుర్లు కనబడితే అది మంచి గుర్తు, ఇంకా గట్టిగా వెతకమని చెప్పే గుర్తు. కనబడకపోతే ఆ రాత్రి కనబడలేదనే అర్థం. "నిద్ర లేదు, కాబట్టి మనిషి లేడు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలాగే కదుర్లు కనబడగానే "స్పృహ ఉంది" అనీ అనకూడదు. కదుర్లు వచ్చేవేళ మనకే స్పృహ ఉండదు కదా. అవి చెప్పేది దారి ఉందని. ఆ దారిలో ఎవరైనా నడుస్తున్నారా అన్నది పగలు మంచం పక్కనే తేలాలి.

రికార్డు తీయడంలోనే అసలు కష్టమంతా ఉంది, అందులోనూ మన ఊళ్లో. నేను పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, మే నెలలో, ఒక ఆస్పత్రిలో తలకి దెబ్బ తగిలిన ఒకాయనకి రాత్రి ఈఈజీ తీశాం. ఏసీ అర్ధరాత్రి ఆగిపోయింది. నుదుటి మీది ఎలక్ట్రోడ్లలో పెద్ద పెద్ద నెమ్మది అలలు చూసి గాఢనిద్ర ఉందని రాశాను. ఆయన భార్య ఆ కాగితం చేత్తో పట్టుకుని నా చేతులు కళ్లకద్దుకుంది. రెండు వారాల తర్వాత మా సీనియర్ చూసి, ఇవి మెదడు అలలు కావు, చెమట అని చూపించారు. చెమటలోని ఉప్పు ఎలక్ట్రోడ్ కింద చేరితే గీత రెండు సెకన్లకో ఇంకా ఎక్కువసేపటికో ఒకసారి ఊగిసలాడుతుంది. అలవాటు లేని కంటికి అది గాఢనిద్రే. ఆవిడని పిలిచి నేనే చెప్పాను. అప్పటినుంచి ఏ నెమ్మది అలనీ గది ఎంత వేడిగా ఉందో అడగకుండా చదవలేదు.

మన సముద్రపు ఉక్కలో ఇంట్లో రికార్డు పెట్టాలంటే అందుకే ముందు గది చల్లబడాలి. సీలింగ్ ఫ్యాన్ గాలి నేరుగా తల మీద పడితే తీగలు ఊగి అదో రకం గీతలు వస్తాయి. తలకి కట్లు కట్టే పల్చటి గాజ్ గుడ్డతో టోపీలా చుట్టించి, తీగలన్నీ ఒక జడలా కలిపి కట్టించండి. పుండ్లు పడకుండా వేసిన ఎయిర్ బెడ్ పంపు కూడా గీతల్ని పాడుచేస్తుంది. దాన్ని ఆపొద్దు, పుండు పడితే నెలలు పడుతుంది. పంపుని వేరే ప్లగ్గులో పెట్టి, మంచానికి దూరంగా జరిపి, టెక్నీషియన్‌కి చెప్పి రాయించండి. రాత్రంతా ఒకరు నోటుబుక్కుతో మెలకువగా ఉండాలి. సక్షన్ చేసిన (గొట్టంలోని కఫం లాగిన) వేళ, పక్కకి తిప్పిన వేళ, దగ్గిన వేళ, కళ్లు మూసిన వేళ, తెరిచిన వేళ గడియారం చూసి రాయాలి. ఆ నోటుబుక్కు లేకపోతే రికార్డు నాకు సగమే అర్థమవుతుంది.

రాత్రి ఒక్కటే చాలదు, వీలైతే 24 గంటలు తీయమని అడగండి. మెదడు దెబ్బతిన్నవాళ్ల నిద్ర రాత్రిలో కుదురుగా ఉండదు. మధ్యాహ్నం పన్నెండుకి ఓ కునుకు, నాలుగుకి ఓ కునుకు, అర్ధరాత్రి కళ్లు తెరుచుకుని చూడడం, ఇలా రోజంతా చెల్లాచెదరై ఉంటుంది. పగలు అరగంట తీసే మామూలు ఈఈజీ దీనికి పనికిరాదు. ఫైల్లో "ఈఈజీ అయిపోయింది" అని ఉంటే అది ఏ ఈఈజీయో చూడండి.

చదవడంలోనూ చిక్కులున్నాయి. నిద్రని 30 సెకన్ల ముక్కలుగా విడగొట్టి దశలు రాసే పద్ధతి 1968లో స్థిరపడింది. అది ఆరోగ్యంగా ఉన్న మెదళ్లని చూసి రాసింది. మీ తమ్ముడి మెదడు పగలు కూడా నెమ్మది అలలే ఇస్తూ ఉండొచ్చు. అలాంటప్పుడు రాత్రి నెమ్మది అలలు చూసి గాఢనిద్ర అనడం తప్పు. నేను చూసేది అతని పగటికీ అతని రాత్రికీ తేడా. కళ్లు మూసినప్పుడు గీత మారిందా? ఎంత మారింది? తెల్లవారేసరికి మళ్లీ మారిందా? రిపోర్టులో ఈ పోలిక లేకపోతే రాయమని మర్యాదగా అడగండి.

ఆపరేషన్లో పుర్రె ఎముక తీసి పొట్ట చర్మం కింద దాచారా, ఇంకా తిరిగి పెట్టలేదా? ఎముక లేనివైపు అలలు పెద్దవిగా, పదునుగా కనబడతాయి, దానికి మెదడు కారణం కాదు. టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. ఇక మందులు. క్లోనజిపామ్, లోరజిపామ్ లాంటివి, ఫినోబార్బిటోన్ నిద్ర అలల్ని మార్చేస్తాయి. ముఖ్యంగా మొదటి రెండూ గాఢనిద్ర అలల్ని తగ్గించి, కదుర్లలాంటి వేగమైన అలల్ని పెంచుతాయి. అంటే మందు ఇచ్చిన కదుర్లని మెదడు ఇచ్చినవిగా పొరబడొచ్చు. అలాగని రికార్డు కోసం మీరే మాత్ర ఆపేస్తే ఫిట్స్ వచ్చి ఉన్నది కూడా పోతుంది. ఏది తగ్గించాలన్నా మందు రాసిన డాక్టరుగారే తగ్గించాలి, మెల్లగా.

ఇంకో లాభం చెప్పాలి. పైకి కనబడని ఫిట్స్ కొందరిలో ఎక్కువగా రాత్రిపూట మెదడులో నడుస్తుంటాయి. చెయ్యి కొట్టుకోదు, నోట నురగ రాదు, మనిషి మాత్రం మరింత మందకొడిగా ఉంటాడు. అలాంటివి దొరికితే వైద్యం ఉంది. ఒక్క ఈ కారణానికే అయినా నేను ఈ పరీక్ష చేయిస్తాను.

రికార్డు వచ్చేదాకా ఆగకుండా ఇంట్లో రాత్రిని రాత్రిలా చెయ్యండి. పదింటికి ట్యూబ్‌లైటు తీసేసి చిన్న బెడ్‌లైటు ఉంచండి, టీవీ ఆ గదిలో వద్దు. రెండు గంటలకోసారి తిప్పడం మానొద్దు, కానీ సక్షన్, డైపర్ మార్చడం, తిప్పడం ఒకేసారి కానిచ్చి మిగతా సమయం ప్రశాంతంగా వదిలేయండి. పొద్దున్నే కుర్చీలో కూర్చోబెట్టి వరండాలో అరగంట వెలుతురు తగలనివ్వండి. అమాంటడిన్ అనే మందు గురించి మీ డాక్టరుగారిని అడగండి. 2012లో ప్రచురించిన ప్రయోగంలో, తలకి దెబ్బ తగిలిన 184 మందిలో నాలుగు వారాలు వాడినవాళ్లు వాడనివాళ్లకన్నా వేగంగా మెరుగుపడ్డారు. ఆ ప్రయోగంలో తీసుకున్నవాళ్లంతా దెబ్బ తగిలి నాలుగు నెలలు దాటనివాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లకి జాగ్రత్త కూడా కావాలి, కాబట్టి నిర్ణయం ఆయనదే. మొదలుపెడితే పొద్దున్నా మధ్యాహ్నమే ఇవ్వాలి. సాయంత్రం ఇస్తే ఉన్న నిద్రా పోతుంది.

"ఐదు నెలలు దాటింది, ఇక లాభం లేదన్నారు" అని చివర్లో రాశారు. దెబ్బ తగిలి వచ్చిన వెజిటేటివ్ స్టేట్‌ని పన్నెండు నెలల తర్వాత, ఆక్సిజన్ అందక వచ్చినదాన్ని మూడు నెలల తర్వాత శాశ్వతం అనేవారు, అది 1994 నాటి మాట. 2018లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ శాశ్వతం అన్న మాటనే తీసేసి దీర్ఘకాలికం అని మార్చింది, ఆ తర్వాత కూడా కొందరు కోలుకున్నారు కాబట్టి. కోలుకున్నవాళ్లలో చాలామందికి తీవ్రమైన వైకల్యం మిగిలింది, అది దాచను. కానీ మీ తమ్ముడిది దెబ్బ, వయసు 24, ఐదో నెల. పాత లెక్క ప్రకారం చూసినా గడువు దాటలేదు.

మీ అమ్మగారు "నా గాజుల చప్పుడుకి తల తిప్పుతాడు, ఎవరూ నమ్మరు" అన్నారని రాశారు. నేను నమ్మేస్తానని చెప్పను, తప్పకుండా చూస్తాను. ఆవిడ గాజులు కదిపినప్పుడూ, ఇంకెవరో అలాంటి గాజులే కదిపినప్పుడూ, ఏ చప్పుడూ లేనప్పుడూ ఫోన్లో వీడియో తీయండి, తేదీ, వేళ కనబడేలా. పది రోజులు, రోజుకి రెండుసార్లు. ఆ వీడియోలు, డిశ్చార్జ్ సమ్మరీ, సీటీ ఫిల్ములు పట్టుకుని కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి) న్యూరాలజీ ఓపీకో, మీకు రాత్రి ఈఈజీ చెప్పిన డాక్టరుగారి దగ్గరికో వెళ్లండి. ఈలోగా మీ తమ్ముడు వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు, వేసే వేళలు ఇక్కడ రాయండి. పుర్రె ఎముక తిరిగి పెట్టారా లేదా అన్నది కూడా రాయండి.